జ్వరమెల్ల మలేరియా కాదు
కెన్యా తీరమున జరిగిన రక్తపరీక్షలును, మనకు వానివలన దెలియునదియు

తొలకరి పడి, మళ్లు నీటితో నిండి, నాట్లు సాగు దినములలో మన గ్రామములందు జ్వరములు కూడ తలయెత్తుట సభ్యులెల్లరు నెఱిగినదే. ఇంటిలో నొకరికి చలి, వణకు, తలనొప్పి, ఒళ్లునొప్పులు కనబడినంతనే మలేరియా యని యింటివారే నిర్ణయింతురు. అంగడికి బోయి నాలుగు బిళ్లలు తెచ్చి మ్రింగింతురు. మూడవనాడో నాలుగవనాడో జ్వరము దిగినచో ఆ కీర్తి బిళ్లలకు గట్టబెట్టి, రోగి మఱల మడిలో దిగును. తగ్గని జ్వరమునకు వైద్యుడు కలడు. తగ్గిన జ్వరమును గుఱించి విచారించువా డెవ్వడును లేడు. ఈ నెల మేము వ్రాయదలచినది అట్లు తగ్గిపోయిన జ్వరమును గుఱించియే.

ఆఫ్రికాఖండపు తూర్పుతీరమున, హిందూమహాసముద్రపు టొడ్డున, కెన్యాదేశము కలదు. మొంబాసా రేవునకు ఉత్తరముగా తీరము వెంబడి పోవు బాటలో మొదట మ్త్వాపా యను చిన్న పట్టణమును, ఆ పిమ్మట కిలిఫి యను పట్టణమును తగులును. కొబ్బరి, జీడిమామిడి, మొక్కజొన్న, కఱ్ఱపెండలము పండు సీమ అది. మన కోనసీమ రైతును గొనిపోయి యచ్చట దింపినచో కొబ్బరితోటల విషయమున గాని, దోమల విషయమున గాని వానికి క్రొత్తగా దోపదు. కిలిఫిలో కెన్యా వైద్యపరిశోధన సంస్థయు, ఇంగ్లండులోని వెల్కమ్ ట్రస్టును గలసి 1989వ సంవత్సరమున నొక పరిశోధనాలయమును నెలకొల్పినవి. పిల్లలకు వచ్చు మలేరియా మొదటినుండియు దాని ముఖ్యవిషయములలో నొకటి.

ఆ సీమలో దోమతెరలు వ్యాపించి, క్రొత్త మందులు వచ్చిన పిమ్మట మలేరియా చాలవఱకు వెనుకకు దగ్గినది. జ్వరముతో వచ్చిన పెద్దవారికి మలేరియా మందిచ్చు నలవాటు మాత్రము వెనుకకు దగ్గలేదు. అలవాటులు వ్యాధులకంటె మొండివి. 2010లో ప్రపంచ ఆరోగ్యసంస్థ, ఏ వయస్సువారికైనను రక్తమున మలేరియా క్రిములున్నవని పరీక్షించి చూచిన పిమ్మటనే మందీయవలెనని సలహా యిచ్చెను. పరీక్షలు జరుగుకొలది ఒక సంగతి స్పష్టమయ్యెను: మలేరియా యని వచ్చిన పెద్దవారిలో చాలమందికి మలేరియా లేదు. వరియాకు పసుపెక్కినదనగానే యూరియా చల్లు రైతు మన యూళ్లలో నున్నాడు గదా. ఆ పసుపు నత్రజని లోపమో, జింకు లోపమో, తెగులో విచారింపడు. రెండు వానలు పడి చేను పచ్చబడినచో యూరియాయే పనిచేసిన దనును. జ్వరము విషయమున మనమందఱమును ఆ రైతులమే.

మఱి మలేరియా కానిచో ఆ జ్వర మేమి? దీనికి జవాబులు పెక్కు. అందులో నొకటి, ఎవ్వరును నోట ననుటకు గూడ జంకునది, హెచ్.ఐ.వి. సోకిన తొలిదినముల జ్వరము.

ఎయిడ్సు నాకు హెచ్.ఐ.వి. క్రిమి కారణమనియు, అది దేహమునందలి రక్షణబలమును మెల్లమెల్లగా హరించుననియు సభ్యులు వినియే యుందురు. ఏండ్ల తరబడి లోపల నణగియుండి తుదకు మనుష్యుని కృశింపజేయునన్న మాట నిజమే. కాని ఆ క్రిమి దేహమున బ్రవేశించిన రెండు మొదలు నాలుగు వారములలో చాలమందికి నొక జ్వరము వచ్చును. దానితో తలనొప్పి, ఒళ్లునొప్పులు, అమితమైన నీరసము, గొంతునొప్పి, మెడలోను చంకలలోను బిళ్లకట్టుట, కొందఱికి విరేచనములు, కొందఱికి ఒంటిమీద దద్దురు. అందఱికి నన్నియు రావు. కొందఱి కేమియు రాదు. కొలది దినములకో, రెండుమూడు వారములకో అది దానంతటదియే తగ్గును. మలేరియా బిళ్ల మ్రింగినను తగ్గును, మిరియాల కషాయము త్రాగినను తగ్గును, ఏమియు దీసికొనకున్నను తగ్గును. ఇదియే దీని ప్రమాదము. మందు పనిచేసినదని రోగి సంతోషించును, దుకాణదారుడును సంతోషించును.

అట్లయిన ఆ జ్వరమున రక్తపరీక్ష చేసినచో దెలియదా యని యడుగవచ్చును. ఇచ్చట మఱియొక చిక్కు కలదు. సాధారణముగా ఆసుపత్రులలో వ్రేలికొనను గ్రుచ్చి చేయు హెచ్.ఐ.వి. పరీక్ష క్రిమిని వెదకదు. క్రిమిని ఎదిరించుటకై మన దేహము పుట్టించుకొను ప్రతిరక్షకములను వెదకును. అవి పుట్టి, పరీక్షకు దొరకునంతగా పెరుగుటకు మూడు నాలుగు వారములు పట్టును. కొందఱికి మఱికొంత జాగగును. విత్తిన రెండవనాడు చేనికి బోయి, మొలక కనబడలేదు గావున నేలలో విత్తనమే లేదనువానిని మనము నవ్వుదుము. తొలి జ్వరపు దినములలో ప్రతిరక్షకముల పరీక్ష యొకదానినే చేసి లేదని పంపివేయుట యట్టిదే. విత్తనమునే వెదకు పరీక్షలు వేఱుగా గలవు. క్రిమి యొక్క ఆర్.ఎన్.ఏ. యను బీజపదార్థమును పట్టు పరీక్ష, సోకిన సుమారు పది పండ్రెండు దినములకే దానిని కనిపెట్టగలదు. పి24 అను క్రిమిపదార్థమును వెదకు పరీక్ష మఱికొన్ని దినముల పిమ్మట కనిపెట్టును. మొదటిది ప్రియమైనది, యంత్రము కావలెను. పెక్కుమంది రక్తమును గొంచెము గొంచెముగా గలిపి యొకే పరీక్ష చేసి, అందు క్రిమి యున్నదని తేలినప్పుడు మాత్రము విడివిడిగా వెదకి వ్యయము తగ్గించు పద్ధతి యొకటి కలదు. ధాన్యపు బస్తాల నన్నింటిని కుమ్మరింపక, బొంగు గ్రుచ్చి ఒక్కొక్క బస్తానుండి చారెడు తీసి కలిపి చూచు పద్ధతి వంటి దది.

మలేరియా యని వచ్చినవారిని ఈ పరీక్షకు బెట్టి చూచిన దేశములు కొన్ని కలవు. 2010లో ఉగాండాదేశమునుండి వెలువడిన యొక పరిశోధన, మలేరియా యని యనుమానింపబడిన పెద్దవారిలో అప్పుడే సోకిన హెచ్.ఐ.వి. గణనీయముగా నున్నదని తెలిపెను. అదే కాలమున మొజాంబిక్ దేశములోని మనీసా అను గ్రామీణప్రాంతపు ఆసుపత్రిలో జ్వరముతో వచ్చినవారిని చూచినప్పుడు గూడ, సాధారణ పరీక్షలో ఏమియు దొరకని కొందఱి రక్తమున క్రిమి కనబడెను. కిలిఫి పరిశోధకులు 2013లో తమ తీరమున జ్వరముతో వైద్యమునకు వచ్చిన 18 మొదలు 29 ఏండ్ల వయస్సుగల యువజనులను పరీక్షించిరి. నూటికి సుమారు ఒకరికి హెచ్.ఐ.వి. అప్పుడే సోకియున్నది. మలేరియా యున్నవారి లెక్కయు దానికి దగ్గఱగానే యుండెను. ఆ సీమలో ఆ వయస్సువారికి జ్వరము వచ్చినప్పుడు మలేరియా యని యనుమానించుటకు ఎంత కారణము గలదో, దీనిని అనుమానించుటకును అంతే కారణము గలదని 2014లో వారు ప్రకటించిరి. ఒక్క మలేరియా మందు మాత్రము అందఱికిని దొరకుచున్నది!

ఆ పరిశోధకులు చేసిన మఱియొక పని మన కెక్కువ పనికివచ్చునని మా యభిప్రాయము. రోగులు మొదట పోవునది ఆసుపత్రికి గాదు, మందుల దుకాణమునకు. ఈ సంగతి మన యూళ్లకు నంతే చెల్లును. కావున మ్త్వాపాలోని మందుల దుకాణదారులకు శిక్షణ యిచ్చి, జ్వరము మొదలగు లక్షణములతో మందు కొనవచ్చిన యువకులను, యువతులను పరీక్షకు బంపు ఏర్పాటు చేసిరి. పంపినవారందఱును పోలేదు. పోయినవారిలో కొందఱికి తాము కలలోనైనను దలపని సంగతి తెలిసెను. ఎవరిని పంపవలెనో తెలిసికొనుటకు వైద్యపండితులు ఒక సులభమైన లెక్కను గూడ కూర్చిరి: తక్కువ వయస్సు, జ్వరము, నీరసము, ఒళ్లునొప్పులు, విరేచనములు, గొంతునొప్పి, వీనికి ఒక్కొక్క గుర్తు; మర్మావయవములమీద పుండున్నచో దానికి హెచ్చు గుర్తులు. దీనికి యంత్ర మక్కఱలేదు, కాగితమును కలమును చాలును.

పిమ్మట 2017 మొదలు 2020 వఱకు మొంబాసా, కిలిఫి సీమలలోని ఆఱు వైద్యశాలలలో పెద్ద పరిశీలన యొకటి జరిగెను. దానికి వారి స్వాహిలీ భాషలో తాంబువా మపేమా యని పేరు. ముందుగా గుర్తింపుమని దాని యర్థము. 18 మొదలు 39 ఏండ్ల వయస్సుగలిగి, పై లక్షణములతో వచ్చినవారిని గొంతకాలము యథాప్రకారము వైద్యులకే విడిచి చూచిరి. తరువాత గొంతకాలము, వలదన్నవారికి దప్ప మిగిలినవారికెల్ల అచ్చటనే క్రిమిపరీక్ష చేసిరి. క్షయపరీక్షలకు మన జిల్లా ఆసుపత్రులలో వాడు జీన్ ఎక్స్‌పర్ట్ జాతి యంత్రమే దానికిని వాడిరి. రెండవ పద్ధతిలో క్రొత్తగా కనుగొనబడిన రోగులు మొదటి పద్ధతిలోకంటె రెండింతలకు బైగా నుండిరి.

ఇందొక విశేషము కలదు. దీనిని పాఠకులు శ్రద్ధతో గమనింపవలెనని కోరుచున్నాము. అట్లు క్రొత్తగా దొరకినవారిలో హెచ్చుపాలు అప్పుడే సోకినవారు కారు. ఎప్పుడో సోకి, పలుమారులు జ్వరములకు మందు దీసికొని, ఒక్కమారును పరీక్షింపబడక తిరుగుచున్నవారు. వీరిని పట్టుటకు విలువగల యంత్ర మక్కఱయే లేదు. వ్రేలికొనపై చేయు చౌకపరీక్షయే చాలును. లోపము యంత్రమున లేదు, అడుగకపోవుటలో నున్నది. వైద్యుడు జ్వరము చూచును, మలేరియా చీటి వ్రాయును. ఆ రెండవ పరీక్ష గూడ చేయుదమా యని యడుగుటకు ఆయనకు మొగమాటము, చేయుడని కోరుటకు రోగికి సిగ్గు.

తొలిదినములలోనే పట్టవలెనన్న తొందర ఎందులకో చెప్పవలసియున్నది. ప్రతిరక్షకములు పుట్టకమునుపు క్రిమి రక్తమున విపరీతముగా పెరుగును. అప్పుడే రోగి యితరులకు ఎక్కువగా అంటించును. ఉగాండాలోని రకాయి సీమలో దంపతులపై జరిగిన, 2005లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము, సోకిన తొలి నెలలలో భార్యకు గాని భర్తకు గాని అంటించు అవకాశము, తరువాతి యేండ్లలోకంటె సుమారు పదింతలు హెచ్చు. జ్వరము తగ్గినదని యిల్లు చేరినవాడు, పరీక్షలో లేదని చీటి చేతబట్టుకొని యిల్లు చేరినవాడు, ఆ దినములలోనే ఇంటిదానికి నిది యిచ్చును. అపరాధ మేమియు నెఱుగని యామెకు అది తెలియునది ఏండ్ల పిమ్మట, పురిటికి బోయినప్పుడు. ఇట్టి సంసారములు మన రెండు రాష్ట్రములలోను లేకపోలేదు. పేరులు చెప్పము, చెప్పరాదు.

ఇక మందుల మాట. ఒకప్పుడు రక్షణబలము బాగుగ క్షీణించువఱకు మందు ప్రారంభింపకుండుట పద్ధతి. 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థ, రోగము తెలిసిన ప్రతివానికిని వెంటనే మందు ప్రారంభింపవలెనని నిర్ణయించెను. మన దేశమున 2017 నుండి యీ పద్ధతియే నడచుచున్నది. ఈ మందులు ప్రభుత్వ కేంద్రములలో 2004 ఏప్రిలు 1వ తేదీనుండి ఉచితముగా నిచ్చుచున్నారు. ప్రతిదినము మానక మందు దీసికొని, రక్తమున క్రిమి లెక్కకు దొరకనంత తగ్గి, అట్లే నిలిచియున్నవారు దాంపత్యమువలన ఇతరులకు దీనిని అంటింపరని పరిశోధనలు రూఢిగా దెలిపినవి. వారు అందఱివలె పొలము దున్నుకొనుచు, పిల్లలను గనుచు ముసలితనము వఱకు బ్రదుకగలరు. ముప్పదియేండ్ల క్రింద నీ రోగముతో బోయినవారిని చూచిన పెద్దలు దీనిని నమ్ముట కష్టము. కాని యిది నిజము.

మలేరియాతో బాటు దీని పేరెత్తినంతనే ఒక యనుమానము పుట్టును గావున దానిని గూడ తీర్చెదము. దోమకాటువలన హెచ్.ఐ.వి. రాదు. దోమ కుట్టునప్పుడు తన లాలాజలమును మనలోనికి వదలును గాని, తాను వేఱొకనినుండి పీల్చిన రక్తమును మనలోనికి వదలదు. మలేరియా క్రిమి దోమకడుపున పెరిగి, దాని లాలాజలగ్రంథులను జేరుకొని, అక్కడనుండి మనలో బ్రవేశించును. హెచ్.ఐ.వి. అట్లు పెరుగలేదు; దోమకడుపున జీర్ణమైపోవును. మలేరియా క్రిమి దోమకడుపున నుండుటను మొట్టమొదట కన్నులార చూచినది మన సికిందరాబాదుననే గదా. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రోనాల్డు రాసు అను సైనికవైద్యుడు అచ్చట దోమను కోసి సూక్ష్మదర్శినిలో దానిని గనుగొనెను. అందులకు 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. అట్టి పరిశోధన జరిగిన గడ్డమీద నూఱేండ్లు దాటిన పిమ్మట గూడ రక్తము చూడకయే మలేరియా మందు మ్రింగుట మనకు గౌరవము గాదు.

కెన్యా లెక్కలు మనకు యథాతథముగా చెల్లవు. మన దేశమున 1986లో మద్రాసున డాక్టరు సునీతి సాల్మన్ గారి పర్యవేక్షణలో ఈ రోగము మొట్టమొదట బయటపడినది. జాతీయ ఎయిడ్సు నియంత్రణ సంస్థ 2019 అంచనా ప్రకారము, దేశము మొత్తముమీద 15 మొదలు 49 ఏండ్ల వయస్సువారిలో వేయింటికి ఇద్దఱి కిది కలదు. ఆంధ్రప్రదేశమున వేయింటికి దాదాపు ఏడుగురు, తెలంగాణమున దాదాపు ఐదుగురు. కెన్యాతో పోల్చిన తక్కువ. మన పొరుగు రాష్ట్రములలో చాలవానితో పోల్చిన తక్కువ కాదు. మన జ్వరములకు వేఱు కారణములును హెచ్చు: డెంగ్యూ, టైఫాయిడు, పొదలలోని నల్లులవలన వచ్చు స్క్రబ్ టైఫసు, ఎలుకల మూత్రము కలిసిన మడినీటివలన వచ్చు లెప్టోస్పైరా జ్వరము. ఏజెన్సీ మండలములలో మలేరియా యింకను కలదు. కావున జ్వరము వచ్చిన ప్రతివాడును హెచ్.ఐ.వి. యని గుండెలు బాదుకొనుట వలదు. మేము కోరునది యింతే: జ్వరమునకై రక్తము దీయునప్పుడు, వయస్సులో నున్నవారు, పైన జెప్పిన లక్షణములు గలవారు, గడచిన నెల రెండు నెలలలో తమకు సందేహము దోచు సందర్భ మేదైన గలవారు, ఈ పరీక్షను గూడ చేయుడని తామే యడుగవలెను. గర్భిణులకును, క్షయరోగులకును ఈ పరీక్ష చేయుట మన ప్రభుత్వ వైద్యశాలలలో నిదివఱకే వాడుక. జ్వరరోగికి చేయుట వింత గాదు.

వలదను వాదములు మేమెఱుగుదుము. అందులో ముఖ్యమైనది, ఇట్లు పరీక్షింతురని తెలిసినచో జనులు ఆసుపత్రికే పోవుట మానుదురని. చెప్పకుండ రక్తము దీసి పరీక్షించు పక్షమున ఆ భయము న్యాయమే. అట్లు చేయుట తప్పు గూడ. 2017లో చేయబడి 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలులోనికి వచ్చిన హెచ్.ఐ.వి. చట్టము ప్రకారము, రోగికి దెలియజెప్పి సమ్మతి పొందకుండ ఈ పరీక్ష చేయరాదు, ఫలితమును ఇతరులకు వెల్లడింపరాదు, ఈ కారణమున పనినుండి గాని పాఠశాలనుండి గాని యెవ్వరిని వెడలగొట్టరాదు. చట్టము కాగితముమీద నున్నది. ఊరి నోరు కాగితమునకు లొంగదు. చీటిని నలుగురిలో చదివి వినిపించు ఉద్యోగి యొక్కడున్నను ఆ యేడు ఆ వైద్యశాలకు ఎవ్వరును పోరు. కావున పరీక్షాద్రవ్యముల కొఱకు ప్రభుత్వమును గోరునప్పుడు, తలుపు గల గది యొకటి గూడ కోరవలెనని మా యాలోచన.

పరీక్షకు బోవువారికి రెండు మాటలు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున వ్రేలికొనపై చేయునది మొదటి పరీక్ష మాత్రమే. అందు కలదని తేలినచో అదియే తుదిమాట గాదు. పెద్ద కేంద్రమున వేఱువేఱు విధములైన మూడు పరీక్షలు చేసి నిర్ణయింతురు. లేదని తేలినను, సందేహమునకు కారణము ఇటీవలిదైనచో అదియు తుదిమాట గాదు. సాధారణముగా ఈ కేంద్రములలో జరుగునది ప్రతిరక్షకముల పరీక్షయే గావున, నెల దాటిన పిమ్మట నొకమారు, మూడు నెలలు నిండిన పిమ్మట నొకమారు మఱల చేయించుకొనవలెను. అంతవఱకు దాంపత్యమున తొడుగు వాడవలెను, రక్తదానము చేయరాదు. జ్వరము మొదలైన తేదీని విత్తిన తేదీవలె గోడపంచాంగముపై గుర్తు వేసికొన్నచో వైద్యునకు చాల సహాయము. పేరు చెప్పకయే సందేహములు తీర్చుకొనదలచువారు 1097 సంఖ్యకు ఉచితముగా టెలిఫోను చేయవచ్చును.

రాబోవు సర్వసభ్య సమావేశమున రెండు ప్రతిపాదనలను చర్చకు బెట్టదలచినాము. నాట్లకాలమున నొకదినము ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని మన గిడ్డంగి ప్రక్కనున్న గదికి ఆహ్వానించి, మలేరియా పరీక్షతో బాటు, కోరినవారికి ఈ పరీక్షను గూడ చేయించుట మొదటిది. స్త్రీలకు వేఱు సమయము, వేఱు ద్వారము. మన సభ్యులలో మందుల దుకాణములు గలవారు, మూడుదినములు దాటిన జ్వరమునకు బిళ్లలు మాత్రమే యిచ్చి పంపక, మ్త్వాపా దుకాణదారులవలె పరీక్షకు పొమ్మని చెప్పుట రెండవది. అభ్యంతరములు గలవారు సమావేశమునకు ముందుగా కార్యదర్శికి వ్రాసి పంపవచ్చును. జాబుమీద పేరు లేకున్నను చదువబడును.